పిడుగు పడిందని ఎవరన్నారు?

ఆ కాలేజీ లైబ్రేరియన్ గారితో మీరు ఏ మాట చెప్పినా ఆయన నోటి నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "ఎవరన్నారు?" వాన వచ్చేలా ఉందంటే ఎవరన్నారంటారు. క్యాంటీన్లో టీ అయిపోయిందంటే ఎవరన్నారంటారు. ఒంట్లో జ్వరంగా ఉందని చెప్పుకున్నా అదే మాట, కాకపోతే అప్పుడు సొరుగులోంచి థర్మామీటరు కూడా తీస్తారు. ‘అట’తో ముగిసే మాట ఏదీ ఇంతవరకు ఆయన బల్ల దాటి లోపలికి వెళ్ళిన పాపాన పోలేదు. అందుకే విద్యార్థులు ముప్పై ఏళ్ళుగా ఆయన్ని చాటుగా ‘ఎవరన్నారు గారు’ అని పిలుచుకుంటున్నారు. ఆ సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన కోప్పడలేదు గాని, ఎవరన్నారో చెప్పమని మాత్రం రెండు రోజులు వెంటపడ్డారు.

ఆయన పెళ్ళి కూడా ఈ ప్రశ్న మీదే జరిగింది. సంబంధం తెచ్చిన పెద్దమ్మ, "అమ్మాయి మహా శాంతం రా, నోట్లో నాలుక లేదు" అంది.

"ఎవరన్నారు?"

"వాళ్ళ నాన్నే అన్నాడు."

"ఆయనకి ఇందులో లాభం ఉంది పెద్దమ్మా. ఇంకో సాక్ష్యం కావాలి."

అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ఈయన మర్నాడు వేలికి తగిలిన చిన్న గీత పట్టుకుని అక్కడికి వెళ్ళి, కట్టు కట్టించుకుంటూ ఆ దూది శుభ్రమైనదని ఎవరన్నారని అడిగారు. వార్డు వార్డంతా వినేలా ఆవిడ ఆయన్ని కడిగి ఆరేసింది. ఇంటికొచ్చి పెద్దమ్మతో, "శాంతం అన్నది పచ్చి అబద్ధం. ఆవిణ్ణే చేసుకుంటాను" అన్నారట. ఈ ‘అట’కి సాక్షి ఉంది. పెద్దమ్మే చెప్పింది.

ఇక ఆఫీసు గుమాస్తా రిటైరైన రోజున జరిగింది కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రిన్సిపాల్ గారు దండ వేసి, "ముప్పై మూడేళ్ళలో వీరు ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు" అన్నారు. వెనక వరసలోంచి వినపడింది: "ఎవరన్నారండీ?" సభ ఆగింది. హాజరు పుస్తకాలు తెప్పించారు. లెక్క పెడితే పద్నాలుగు రోజులు తేలాయి. గుమాస్తా గారు దండతోనే లేచి నిలబడి, "పదహారండీ, రెండుసార్లు నేనే దిద్దుకున్నాను" అని ఒప్పుకున్నారు. చప్పట్లు మాత్రం ఆ మాటకే ఎక్కువ పడ్డాయి.

అలాంటి మనిషి దగ్గరికి ఆ ఏడాది ఓ అమ్మాయి వచ్చింది. ఇంట్లో అందరూ ఆమెను ‘మొండి’ అంటారు, కాలేజీలోనూ అదే స్థిరపడింది. చరిత్ర విద్యార్థిని, చివరి ఏడు. డిగ్రీ చేతికి రావాలంటే ఒక పరిశోధన వ్యాసం రాసి, బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడి ముందు కూర్చుని నెగ్గాలి. కిందటేడాది మొండి ‘మానవజాతి చరిత్రలో కాలం’ అని తొంభై పేజీలు సమర్పించింది. ఇంటర్నెట్లో ఏది దొరికితే అది దించేసింది. పరీక్షకుడు తిప్పి పంపుతూ అట్ట మీద ఒకే వాక్యం రాశాడు: ‘ఇందులో మీరు ఎక్కడున్నారు?’

మళ్ళీ రాసుకోవడానికి ఒక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే మూడేళ్ళ చదువూ గోడకేసిన సున్నమే. మొండి తండ్రి బస్సు డ్రైవరు, డ్యూటీకి వెళ్ళిపోయాడు. తల్లి మాత్రం తేల్చి చెప్పింది: "ఈసారి తప్పితే మీ పిన్ని కుట్టుదుకాణానికి పో. మిషను ఖాళీగా ఉంది." సూదిలోకి దారం ఎక్కించమంటేనే మొండికి తలప్రాణం తోకకొస్తుంది.

"ఏ అంశం?" అన్నారు లైబ్రేరియన్ గారు.

"కాలం సార్."

"ఎంత కాలం?"

"అంటే, మొదటి నుంచీ."

"ఎప్పుడు మొదలైంది?"

"తెలీదు సార్."

"మొదలే తెలీనిదాన్ని మూడు నెలల్లో పూర్తి చేస్తావా?"

మొండి మర్నాడు ‘గడియారాల చరిత్ర’ పట్టుకొచ్చింది. ప్రపంచంలో చాలా గడియారాలున్నాయంది. ఎవరన్నారని అడిగించుకుని వెళ్ళిపోయింది. మూడో రోజు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ తన పద్ధతి చెప్పారు. "చూడమ్మా. జవాబు వెతుక్కుంటూ పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి నువ్వు ఇంటికి రాగలగాలి. అంతకన్నా దూరంగా ఉన్న ప్రశ్న నీది కాదు, ఇంకెవరిదో. వాళ్ళని అడగనీ."

నాలుగో రోజు మొండి ఎగురుకుంటూ వచ్చింది. "దొరికింది సార్. మార్కెట్టు చౌరస్తాలో గడియార స్తంభం ఉంది కదా. నాలుగూ ఇరవైకి ఆగిపోయి నలభై ఏళ్ళయింది. అదెందుకు ఆగిందో రాస్తాను. మా ఇంటికి పది నిమిషాల నడక. భోజనానికే కాదు, టిఫినుకి కూడా రావచ్చు."

ఇంత చిన్న ప్రశ్న చూసి ఆయన పొంగిపోతారనుకుంది. ఆయన మొహం మాత్రం వాడిపోయింది.

"గడియారం వద్దులేమ్మా. దాని వెనక గొడుగుల దుకాణాలున్నాయి. వాటి మీద ఎవరూ రాయలేదు."

"గొడుగుల గురించి అడగడానికేముంది సార్?"

"గడియారం గురించి మాత్రం ఏముంది? అందరికీ తెలిసిందేగా, పిడుగు పడి ఆగింది."

మొండి ఆయన మొహంలోకి చూసింది. "ఎవరన్నారు సార్?"

ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయనని తిరిగి అడిగిన మనిషి లేదు. లైబ్రేరియన్ గారు మంచినీళ్ళ సీసా తీసి సగం ఖాళీ చేశారు. తర్వాత గొడుగుల గురించి ఇంకో రెండు ముక్కలు చెప్పబోయి, ఆ పిల్ల మొహం చూసి మానుకున్నారు. "సరే, కానివ్వు. కానీ మొదటికంటా వెళ్ళాలి. మధ్యలో ఆగితే ఒప్పుకోను."

మొండి కాలికి బలపం కట్టుకుంది. స్తంభానికి, ఆగిన తేదీతో సహా, ఇత్తడి పలక ఉంది: ‘పిడుగుపాటుకు ఆగిన గడియారం.’ ఊరి చరిత్ర మీద ఓ వకీలుగారు రాసిన పుస్తకంలో పిడుగు ఉంది. వార్తాపత్రిక ప్రత్యేక సంచికలో పిడుగే కాదు, దాని వెలుగుకి బెదిరిన గుర్రం కూడా ఉంది. మూడింటినీ తెచ్చి బల్ల మీద పెట్టి, "మూడు ఆధారాలు సార్" అంది గర్వంగా.

ఆధారాలను పరీక్షించడానికి లైబ్రేరియన్ గారి దగ్గర ఓ కుర్చీ ఉంది. పుస్తకాన్ని అందులో కూర్చోబెట్టి, సాక్షిని అడిగినట్టు ఎదురుగా కూర్చుని అడగాలి. కొత్త విద్యార్థులు సిగ్గుపడతారు. మొండి సిగ్గుపడలేదు. వకీలుగారి పుస్తకాన్ని కూర్చోబెట్టి, "మీరు అక్కడున్నారా? చూశారా? మీకెవరు చెప్పారు?" అని అడిగింది. పుస్తకం చివరి పేజీల్లో జవాబు దొరికింది: వార్తాపత్రిక. వార్తాపత్రికని అడిగితే, పక్క పేజీలో చిన్నక్షరాల్లో ఉంది: కాలేజీ పత్రిక. ఇత్తడి పలక మాటెవరు చెప్పారని మున్సిపల్ ఆఫీసులో అడిగితే వకీలుగారి పుస్తకం చూపించారు. ఆ పుస్తకం రెండో ముద్రణలో, పిడుగుకి రుజువుగా ఇత్తడి పలక ఫొటో వేశారు.

"నీకు మూడు ఆధారాలు లేవమ్మా," అన్నారాయన. "ఒకటే ఉంది. అదే మూడుసార్లు చొక్కా మార్చుకుని వచ్చింది."

"అయితే కాలేజీ పత్రిక చూడాలి సార్. ఆ ఏడాది సంచిక అరలో లేదు."

"బైండింగుకి వెళ్ళింది."

"ఎప్పుడు?"

"పదకొండేళ్ళయింది," అన్నారాయన, చూపు పక్కకి తిప్పుకుని.

మొండి ఆగలేదు. వాతావరణ కార్యాలయానికి వెళ్ళి పాత రిజిస్టర్లు తీయించింది. గడియారం ఆగిన నెలలో ఆ ఊళ్ళో ఒక్క చుక్క వాన పడలేదు, ఒక్క ఉరుము ఉరమలేదు. ఆ కాగితం నకలు పట్టుకుని తన మార్గదర్శి అయిన లెక్చరర్ మేడమ్ దగ్గరికి పరిగెత్తింది. మేడమ్ చదివి నిట్టూర్చింది. "పిడుగు పడలేదని తేల్చావు, బాగుంది. మరి పడిందని ముందు ఎవరు పుట్టించారు? గడియారం ఎందుకు ఆగింది? ఈ రెండూ చెప్పకపోతే వ్యాసం సగమే. వచ్చేది కిందటేటి పరీక్షకుడే. ఎనిమిది రోజులుంది. చెప్పగలిగితే చెప్పు, లేదంటే అందరిలాగే పిడుగు అని రాసి పాసై బయటపడు."

ఆ సాయంత్రం మొండి లైబ్రరీకి వచ్చి సంచి బల్ల మీద పడేసింది. జీవితంలో మొదటిసారి పట్టు సడలింది. "పిడుగనే రాసేస్తాను సార్. నాకు డిగ్రీ కావాలి. కుట్టుమిషను ముందు కూర్చోలేను."

తను వద్దన్న గడియారాన్ని ఈ పిల్లే వదిలేస్తోంది కదా, ఆయన సంతోషించాలి. ఆయన పెన్ను మూత తీసి పెట్టారు, పెట్టి తీశారు. "రేపు పొద్దున తొమ్మిదింటికి రా. ఈ రాత్రికి ఏమీ రాయకు" అన్నారు.

మొండి తొమ్మిదికి పది నిమిషాలుండగానే వచ్చింది. సాక్షి కుర్చీలో లైబ్రేరియన్ గారే కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఎర్ర అట్ట వేసిన పాత కాలేజీ పత్రిక ఉంది.

"బైండింగు నుంచి వచ్చిందా సార్?"

"మా ఇంటి బీరువాలోంచి వచ్చింది. రాత్రి మా ఆవిడకి చెప్పాను. నలభై ఏళ్ళ పుండు మీద కట్టు కట్టుకుని తిరిగింది చాలు, విప్పి కడుగు అంది. పదిహేడో పేజీ తియ్యి."

‘పిడుగు మింగిన కాలం’ అని వ్యాసం. కింద రాసినవారి పేరు, ద్వితీయ సంవత్సరం. ఆ పేరు, లైబ్రరీ తలుపు మీద ఇత్తడి అక్షరాల్లో ఉన్న పేరు ఒకటే.

"అడుగు," అన్నారాయన. "పుస్తకాన్ని అడిగినట్టే అడుగు. మొహమాట పడితే మార్కులు పోతాయి."

మొండి ఎదురుగా కూర్చుంది. "మీరు అక్కడున్నారా సార్?"

"ఉన్నాను. మా ఇంట్లో ఎనిమిది మందిమి, చదువుకోవడానికి చోటుండేది కాదు. గడియారానికి కీ ఇచ్చే పెద్దాయన నన్ను పైగదిలో కూర్చోనిచ్చేవాడు."

"పిడుగు చూశారా?"

"లేదు."

"మరి ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. నేనే అన్నాను." ఆయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. "పెద్దాయనకి చూపు పోతోంది. ఎవరికీ చెప్పుకోలేదు. నూనె వేయడానికి చక్రం తీసి, చేత్తో తడుముకుంటూ తిరగేసి బిగించాడు. చక్రం పళ్ళు విరిగాయి. రిటైర్మెంటుకి రెండు నెలలుంది. తెలిస్తే అవమానించి పంపేస్తారు. పొద్దున్నే మున్సిపల్ ఆఫీసరు మెట్లెక్కి వచ్చి ఏమైందన్నాడు. పెద్దాయన నోరు తెరిచేలోగా నేను పిడుగు పడిందండీ అనేశాను. నిన్న వాన లేదే అన్నాడాయన. పొడి పిడుగండీ అన్నాను."

"పొడి పిడుగా?"

"పందొమ్మిదేళ్ళవాడికి అంతకన్నా ఏం తడుతుంది? ఆయన రాసుకుని దిగిపోయాడు. తర్వాత కాలేజీ పత్రిక వాళ్ళు వ్యాసం రాయమన్నారు. ఆఫీసరుకి ఒకటి చెప్పి పత్రికలో ఇంకోటి రాయలేను కదా. ఆ తర్వాత వార్తాపత్రిక, వకీలుగారు, ఇత్తడి పలక. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎవరన్నారని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని మొదట్లో భయపడేవాణ్ణి. ఎవరూ అడక్కపోయేసరికి అంతకన్నా ఎక్కువ భయమేసింది. నేను చెప్పిన పొడి పిడుగే ఇంత దూరం పోతే, మిగతా పుస్తకాల్లో ఎన్ని ఉన్నాయో అని. అందుకే లైబ్రరీలో చేరాను."

మొండికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వే ముందు వచ్చింది. "అంతే సార్, నాకు దొరికేసింది. రాసేస్తాను."

"అంటే నన్ను నమ్మేశావా?"

"నమ్మాను సార్."

లైబ్రేరియన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మొదటిసారిగా ఆయనకి నిజంగా కోపం వచ్చింది. "మూడు నెలలు నేర్పింది ఇదేనా? ఒకసారి అబద్ధం రాసి అచ్చేయించినవాణ్ణి నేను. ఇవాళ చెప్పేది మాత్రం నిజమని ఏంటి నమ్మకం? పో, రెండో సాక్షిని పట్టుకురా."

రెండో సాక్షి ఆ గడియార స్తంభం నీడలోనే ఉంది. కీ ఇచ్చే పెద్దాయన కూతురు అక్కడే చేతి గడియారాలు బాగుచేసే బడ్డీ నడుపుతోంది. ఊరి మొత్తానికి సరైన టైము ఆవిడ బడ్డీలోనే దొరుకుతుంది. మొండి సంగతి చెప్పగానే ఆవిడ కంటి భూతద్దం తీసేసింది.

"అన్నయ్య చెప్పేశాడా? హమ్మయ్య. ఏటా వచ్చి, చెల్లెమ్మా చెప్పేయనా, చెప్పేయనా అని నా ప్రాణం తీసేవాడు. అమ్మ ఉన్నంతకాలం వద్దన్నాను. తన భర్త చేతిలో గడియారం ఒక్క నిమిషం తప్పలేదని అమ్మ పదిమందికీ చెప్పుకునేది. పోయినేడాది అమ్మ పోయింది. ఇక నీ ఇష్టం అన్నయ్యా అన్నాను. అప్పుడు ధైర్యం చాలక గొడుగుల దుకాణం ముందు తచ్చాడుతూ తిరిగాడు."

ఆవిడ సొరుగు అడుగు నుంచి ఓ నోటుబుక్కు తీసింది. రోజూ ఎన్ని గంటలకి కీ ఇచ్చిందీ పెద్దాయన రాసుకున్న పుస్తకం. చివరి పేజీలో చూపు ఆనని మనిషి రాసిన పెద్ద పెద్ద వంకర అక్షరాలున్నాయి: ‘చక్రం తిరగేసి బిగించాను. పళ్ళు విరిగాయి. తప్పు నాది. కుర్రాడు పిడుగు అన్నాడు. నిజం చెబుతానన్నాను, నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఊరుకున్నాను.’

తేదీ, మొండి దగ్గరున్న వాతావరణ కార్యాలయం కాగితంతో సరిపోయింది.

పరీక్ష రోజు లైబ్రేరియన్ గారు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు, సాక్షిని పిలుస్తారేమోనని. పిలిచారు. పరీక్షకుడు వ్యాసం మీద వేలు పెట్టి, "పిడుగు కల్పన అని మీ మాట మీదే ఈ అమ్మాయి రాసింది. అబద్ధం రాశానని మీరే అంటున్నారు. మిమ్మల్ని నేనెందుకు నమ్మాలి?" అన్నాడు.

లైబ్రేరియన్ గారి మొహం వెలిగిపోయింది. నలభై ఏళ్ళుగా ఆయన ఎదురుచూసిన మనిషి వచ్చాడు. "చాలా బాగా అడిగారండీ. అస్సలు నమ్మకండి. ఇరవై మూడో పేజీ తియ్యండి, రెండో సాక్ష్యం అక్కడుంది. వాన లెక్క ఇరవై ఆరులో ఉంది. అవి కూడా ఊరికే నమ్మొద్దు, అసలు కాగితాలు అమ్మాయి సంచిలో ఉన్నాయి."

పరీక్షకుడు గంటసేపు అసలు కాగితాలన్నీ తిరగేశాడు. చివరికి ఆయన అట్ట మీద ఏదో రాసి వ్యాసాన్ని ఆమె వైపు తోశాడు: ‘ఈసారి మీరు కనపడ్డారు. ఉత్తీర్ణులు.’ మొండి వరండాలోకి వచ్చి మొదట పిన్నికి ఫోన్ చేసి, మిషను ఇంకెవరికైనా ఇచ్చేసుకోమని చెప్పింది.

వ్యాసం చివర ఆధారాలను మొండి రెండు జాబితాలుగా రాసింది. అది చూడగానే లైబ్రేరియన్ గారు ఆమెను పిలిపించారు. "నమ్మదగని వాటిలో నా పేరుంది, న్యాయమే. నమ్మదగిన వాటిలో కూడా నా పేరే ఉందేంటి? ఒకే మనిషి రెండు చోట్లా ఎలా ఉంటాడు?"

"పత్రికలో రాసిన విద్యార్థి అక్కడున్నాడు సార్. కుర్చీలో కూర్చుని చెప్పిన మీరు ఇక్కడున్నారు."

ఆయన వ్యాసం ప్రతి ఒకటి లైబ్రరీకి తీసుకున్నారు. అరలో పెట్టే ముందు బడ్డీలో ఉన్న చెల్లెమ్మకి చదవడానికి ఇచ్చొచ్చారు. ఆవిడ వారం రోజులుంచుకుని తిరిగిచ్చింది.

మొండి పక్కన నిలబడి ఉండగానే ఆయన పేజీలు తిరగేశారు. నమ్మదగని ఆధారాల జాబితాలో, ఆ పందొమ్మిదేళ్ళ విద్యార్థి పేరు పక్కన, ఆవిడ పెన్సిలుతో రాసింది: ‘కానీ మంచివాడు.’

లైబ్రరీ పుస్తకంలో పెన్సిలు గీత కనబడితే ఆయన ప్రిన్సిపాల్ చేత కూడా చెరిపిస్తారు. అలవాటుగా జేబులోంచి రబ్బరు తీశారు. పేజీ మీద పెట్టారు. మొండి నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు చూసింది.

కాసేపటికి ఆయన రబ్బరు జేబులో వేసుకుని, పుస్తకం మూసి, చరిత్ర అరలో చేతికందే ఎత్తులో పెట్టారు.